మిషన్‌కి మచ్చ పడకుండా శిక్షణ ఇచ్చే పద్ధతి

మీకు శిక్షణ బాధ్యత అప్పగించారు, సంతోషం. అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల పీహెచ్‌సీలకీ విలేజ్ హెల్త్ క్లినిక్‌లకీ సామాను దిగింది. డిజిటల్ బీపీ మిషన్లు, గ్లూకోమీటర్లు, హిమోగ్లోబిన్ మీటర్లు, రాత బాగుంటే కంటి లోపలి పొరని ఫొటో తీసే ఫండస్ కెమెరా. ముప్పై ఏళ్ళు దాటిన ప్రతి మనిషికీ బీపీ, షుగర్ చూడాలి. నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల జాడ కూడా వెతకాలి. దేశమంతా నడుస్తున్న కార్యక్రమం ఇది. చూడాల్సింది ఏఎన్‌ఎం, ఆశా, విలేజ్ క్లినిక్‌లో ఉండే ఎంఎల్‌హెచ్‌పీ. వాళ్ళకి నేర్పాల్సింది మీరు.

మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. మిషన్‌కి స్టాకు రిజిస్టర్‌లో నంబరుంది. అది పోతే మెమో వస్తుంది, జీతంలోంచి రికవరీ వస్తుంది. కాలి మీద పుండు మానక సర్వజన ఆసుపత్రికి పోయేదాకా తనకి షుగర్ ఉందని తెలియని మనిషికి ఏ రిజిస్టర్‌లోనూ నంబరు లేదు. ఇద్దరిలో ఎవరిని భద్రంగా చూసుకోవాలో మీకు వేరే చెప్పాలా?

శిక్షణ పాత జిల్లా కేంద్రం అనంతపురంలోనే పెట్టండి. 2022 ఏప్రిల్‌లో రెండుగా విడిపోయేదాకా అనంతపురం 19,130 చదరపు కిలోమీటర్ల జిల్లా, రాష్ట్రంలోకెల్లా పెద్దది. అమరాపురం నుంచి అనంతపురం రావాలంటే వంద కిలోమీటర్ల పైనే. తెల్లవారుజామున బస్సెక్కిన ఏఎన్‌ఎం పదకొండుకి హాల్లో అడుగుపెడుతుంది. ఏమీ పోదు, అప్పటిదాకా జరిగేది జ్యోతి ప్రజ్వలనా, వేదిక మీదివాళ్ళకి శాలువాలూ. మిషన్ డెమో మధ్యాహ్నం మూడున్నరకి పెట్టండి. ఆ వేళకి ఆమె కన్ను గోడ గడియారం మీద, మనసు తిరుగు బస్సు మీద ఉంటాయి. అరవై మందికి ఒక్క మిషన్ చాలు. వెనక వరసలకి కనపడకపోతే దాని ఫొటో తెర మీద వెయ్యండి. ఆమె పనిచేసే పీహెచ్‌సీకే మీరు పోయి, ఆమె బల్ల మీదే, ఆమె దగ్గరికొచ్చే మనుషుల మీదే చూపించొచ్చు కదా అని ఎవరైనా అడుగుతారు. అక్కడ ప్రొజెక్టర్ లేదని చెప్పండి. టీఏ బిల్లు సంగతి ఎత్తొద్దు.

స్లైడ్లు ఇంగ్లీషులో ఉంటే మంచిది. తెలుగులో తప్పదంటే ఉత్తర్వుల్లో వాడే తెలుగు పెట్టండి. మడకశిర, రాయదుర్గం వైపు ఇళ్ళల్లో కన్నడం మాట్లాడతారు. హిందూపురం, కదిరిలో ఉర్దూ ఇళ్ళు చాలానే ఉన్నాయి. ఆ ఇళ్ళ గడప దగ్గర నిలబడి ఏం అడగాలో, ఎట్లా అడగాలో ఆశాకే తెలుసు కాబట్టి ఆమెని నోరు విప్పనివ్వకండి. శిక్షణంటే మీరు చెప్పడం, ఆమె వినడం.

ఇక ప్రాక్టికల్. ఒకరి బీపీ ఒకరు చూసుకోమనండి. హాల్లో ఉన్నవాళ్ళలో ఎక్కువ మంది పాతికా ముప్పై ఏళ్ళ ఆరోగ్యవంతులు, 2019లో గ్రామ సచివాలయాలు వచ్చాక చేరిన ఏఎన్‌ఎంలు. అందరికీ నార్మల్ వస్తుంది. మిషన్ పెడితే నార్మల్ వస్తుందని ఆ రోజు గట్టిగా నేర్చుకుని ఊళ్ళకి పోతారు. నారింజ తొనంత కండ కూడా లేని కూలి తాత చెయ్యి, బట్టల కొట్టు శెట్టిగారి లావు దండచెయ్యి, ఏడో నెల గర్భిణి, నాడి తప్పుతూ కొట్టుకునే ముసలామె, వీళ్ళెవరినీ ఆ హాలు దరిదాపుల్లోకి రానివ్వకండి. వాళ్ళొస్తే పట్టీ సైజు ప్రశ్న వస్తుంది. లావు చేతికి చిన్న పట్టీ కడితే బీపీ లేనంత ఎక్కువ చూపిస్తుంది. బక్క చేతికి పెద్ద పట్టీ కడితే ఉన్నది తగ్గించి చూపిస్తుంది. మిషన్‌తో పాటు వచ్చింది ఒకటే సైజు పట్టీ. కాబట్టి సైజులనేవి ఉంటాయన్న సంగతి బయటికి పొక్కకూడదు.

బీపీ చూడటానికి పుస్తకాల్లో రాసిన మర్యాదలు చూస్తే పెళ్ళిచూపులకి కూడా అన్ని ఉండవు. మనిషి ఐదు నిమిషాలు ఊరికే కూచోవాలట. వీపు కుర్చీకి ఆనాలి, పాదాలు నేలకి ఆనాలి, కాలు మీద కాలు వేసుకోకూడదు. చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద ఉండాలి. అరగంట ముందు నుంచి బీడీ, టీ ముట్టకూడదు. మూత్రానికి పోయి రావాలి. పట్టీ బట్ట మీద కాదు, ఒంటి మీద కట్టాలి. మిషన్ నడుస్తుండగా ఎవరూ మాట్లాడకూడదు. కాస్త ఆగి రెండోసారి చూడాలి. సబ్‌సెంటర్లో ఉండేది ఒక కుర్చీ, దాని మీద ఏఎన్‌ఎం కూచుని రిజిస్టర్ రాస్తుంది. ముప్పై మందికి తలా ఐదు నిమిషాలంటే రెండున్నర గంటలు. ఆ రెండున్నర గంటలు ఏ యాప్‌లోనూ కనపడవు. అందుకని ఇట్లా నేర్పండి: జనాన్ని ఎండలో వరసలో నిలబెట్టాలి. పిలవగానే వచ్చిన మనిషికి చొక్కా మీదే పట్టీ చుట్టాలి. అది బిగుస్తున్నప్పుడే ఆధార్ నంబరు, ఫోన్ నంబరు, ఓటీపీ అడగాలి. ఆ ఓటీపీ కొడుకు ఫోన్‌కి పోయి ఉంటుంది. కొడుకు బెంగుళూరులో కట్టడం పని మీద ఉంటాడు. ఆ తండ్రి అరిచి కొడుకుతో మాట్లాడుతుండగా మిషన్‌లో పడే అంకె ఉందే, అదే మీ రీడింగ్.

ఆ అంకెలు ఎక్కువగా పడితే కొత్త కేసులు బాగా పట్టారని పేరొస్తుంది. మరీ ఎక్కువైతే డాక్టరు గారు విసుక్కుంటారు. దానికీ మార్గముంది. 140/90 దగ్గర గీత ఉంది, దాటితే రెఫరల్ చీటీ రాయాలి. 142ని 138గా చూడగలిగిన కన్ను మంచి కన్ను. మిషన్ 127/83 అని చూపిస్తే 130/80 అని రాయమనండి. రిజిస్టర్‌లో అన్ని అంకెలూ సున్నాతో ముగిస్తే చూడటానికి శుభ్రంగా ఉంటుంది. పైనుంచి వచ్చిన ఆఫీసరు ఒక పేజీ తిప్పి, ఊరంతా 120/80గా ఉండటం చూసి అనుమానపడిన సందర్భాలు అరుదు.

గ్లూకోమీటర్ అంతకన్నా సులువు. ఎప్పుడంటే అప్పుడు చూసిన షుగర్ 140 దాటితే పంపాలన్నది గీత. బీపీకీ 140, షుగర్‌కీ 140. ఇంత చిన్న సిలబస్ ఇంకే పరీక్షకీ ఉండదు. అందుకని తీరిక మిగులుతుంది, ఆ తీరికలో ఏమేం చెప్పకూడదో చూసుకుందాం.

స్ట్రిప్పుల డబ్బా గురించి చెప్పొద్దు. చాలా రకాల స్ట్రిప్పులని 30 డిగ్రీల లోపు ఉంచాలని డబ్బా మీదే చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. మే నెలలో అనంతపురంలో 40 దాటుతుంది. ఎండలో ఆపిన స్కూటీ డిక్కీలో ఎంత ఉంటుందో లెక్క కట్టకండి. టీకా మందుని ఐస్ ప్యాకుల మధ్య పసిపాపలా మోసుకెళ్ళే ఏఎన్‌ఎం, అదే సంచి పక్క జేబులో స్ట్రిప్పుల డబ్బా మూత వదులుగా పెట్టుకుని తిరుగుతుంది. టీకాకి ఏళ్ళ తరబడి నేర్పారు, చూడటానికి మనిషిని పెట్టారు, ఉష్ణోగ్రత రాసే పుస్తకం ఇచ్చారు. స్ట్రిప్పుకి ఒక స్లైడు ఇచ్చారు. ఆ స్లైడు మీరు భోజనాల ముందు గబగబా తిప్పేస్తారు.

చేతులు కడిగించమని చెప్పొద్దు. ఓళిగ తిన్న వేలికి గుచ్చితే నెత్తుటితో పాటు బెల్లం కూడా లెక్కలోకి వస్తుంది. కరువు సీమలో నీళ్ళు పొదుపు చెయ్యాలి కదా! వేలి కొసన నడిమధ్యనే గుచ్చమనండి, పక్కన గుచ్చితే నొప్పి తక్కువ, మనిషి మళ్ళీ పరీక్షకి వచ్చే ప్రమాదముంది. చుక్క రాకపోతే వేలిని పిండమనండి. పిండితే నెత్తుటిలో ఒంటి నీరు కలిసి పలచబడుతుంది, అదే చుక్కతో హిమోగ్లోబిన్ కూడా చూస్తే మరీ బాగుంటుంది.

ఇంకొక మెలిక ఉంది, ఇది డాక్టర్లకీ ఒక్కోసారి గుర్తుండదు. నెత్తురు తక్కువున్న మనిషికి చాలా గ్లూకోమీటర్లు షుగర్ని ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం మన రాష్ట్రంలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళ ఆడవాళ్ళలో పదిమందిలో దాదాపు ఆరుగురికి రక్తహీనత. అంటే గ్లూకోమీటర్ అంకెనీ హిమోగ్లోబిన్ అంకెనీ పక్కపక్కన పెట్టి చూడటం నేర్పాలి. మీరు అట్లా నేర్పొద్దు. యాప్‌లో అవి వేరు వేరు పేజీలు.

అంకె ఎక్కువ వచ్చిందా? వరసలో ఉన్న పదిమందీ వినేట్టు "నీకు సుగర్ వచ్చింది" అని అక్కడికక్కడే చెప్పేయమనండి. ఇది వడపోత మాత్రమే, పరగడుపున ఇంకో పరీక్ష చేశాకే తేలుతుంది అని చెప్తే శ్రోతల ఉత్సాహం చచ్చిపోతుంది. తిండి సలహా ఎటూ అడుగుతారు. అన్నం మాని రాగి సంగటి తినమనాలి. ఎంత ముద్ద అనే మాట మాత్రం రాకూడదు. రాగుల్లోనూ పిండిపదార్థమే ఉందని, రెండు పెద్ద ముద్దలు మింగితే షుగర్‌కి అన్నానికీ సంగటికీ పెద్ద తేడా తెలియదని చెప్తే, మన సీమ సంగటిని మనమే తక్కువ చేసినట్టవుతుంది.

కళ్ళ విషయంలో ఈ ఊరికి చరిత్ర ఉంది. 2019 అక్టోబర్ 10న వైఎస్సార్ కంటి వెలుగు అనంతపురంలోనే మొదలైంది. మొదటి విడతలో రాష్ట్రమంతటా దాదాపు 70 లక్షల మంది బడిపిల్లల చూపు చూడాలన్నది లక్ష్యం. తొలి పరీక్ష చార్టు, టేపు, టార్చి పట్టుకుని క్షేత్ర సిబ్బందే చేశారు. ఆ పనిలో మిషనే లేదు, అందుకే అందులో చెడగొట్టడానికి ఉన్న అవకాశాలు తక్కువని అనుకోకండి. దూరాన్ని టేపుతో కాక అడుగులతో కొలిపించొచ్చు. ఒక కన్ను మూసుకోమంటే పిల్లలు వేళ్ళ సందుల్లోంచి చూస్తారు, చూడనివ్వండి. తరగతి మొత్తాన్ని ఒకే గదిలో కూచోబెట్టి ఒక్కొక్కరినీ పిలిస్తే పదో పిల్లవాడికి చార్టు కంఠతా వస్తుంది. గుడ్డివాడైనా పాసవుతాడు.

ఫండస్ కెమెరా దగ్గరికొస్తే పని ఇంకా తేలిక, ఎందుకంటే తప్పంతా కెమెరా మీదికి తోసేయొచ్చు. దానికి చీకటి గది కావాలి. చీకట్లో కంటిపాప విప్పారితేనే లోపలి పొర ఫొటోలో పడుతుంది. ఒక కంటికి ఫ్లాషు కొడితే రెండో కంటిపాప కూడా ముడుచుకుంటుంది కాబట్టి కాసేపు ఆగాలి. శుక్లం ముదిరిన కంట్లో ఎంత ఆగినా మబ్బే. మీరు ఈ మూడూ చెప్పకుండా కెమెరా ఆన్ చెయ్యడం, ఆఫ్ చెయ్యడం నేర్పండి. కిటికీకి పరదా కొనడానికి హెడ్ ఆఫ్ అకౌంట్ లేదు.

ఇది మన దగ్గరే అనుకుని బెంగ పెట్టుకోవద్దు. గూగుల్ వాళ్ళు డయాబెటిస్ వల్ల కంటి పొర చెడటాన్ని కనిపెట్టే కృత్రిమ మేధని థాయిలాండ్‌లో 11 క్లినిక్‌లలో పెట్టారు. ల్యాబులో అది నిపుణులతో సమానంగా ఉత్తీర్ణమైనదే. క్లినిక్‌లో మాత్రం మొదటి ఆరు నెలల్లో నర్సులు తీసిన 1,838 ఫొటోల్లో 21 శాతం పైగా పనికిరావని వెనక్కి కొట్టింది. చాలా చోట్ల చీకటి గది లేదు, నెట్ నత్తనడక. 2020లో అచ్చయిన ఆ పరిశీలన చదివితే ఇంకొకటి తెలుస్తుంది: ఫొటో పనికిరాకపోతే రోగి వేరే రోజు దూరాన ఉన్న పెద్ద ఆసుపత్రికి పోవాలి, ఆ తిప్పలు చూడలేక నర్సులే కొందరికి ఈ పరీక్షే వద్దులెమ్మని చెప్పారు. మిషన్‌కి తెలియని బస్సు ఛార్జీ లెక్క నర్సుకి తెలుసు. మీ శిక్షణలో ఆ లెక్కకి చోటివ్వకండి. మీ స్లైడ్లలో ఉండాల్సింది నిపుణులతో సమానం అన్న మొదటి సగమే.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షని జూమ్‌లో నేర్పేయండి. వెనిగర్ లాంటి పలచని యాసిడ్ పూసి, నిమిషం ఆగి, తెల్లబడిందేమో చూడటం. తెల్లబడటాల్లో రకాలుంటాయి, అనుభవం ఉన్న మనిషి పక్కన నిలబడి చాలామందిని చూస్తే తప్ప చేతికి రాదు. తలుపుకి గడియ ఉన్న గది కావాలి. ఆ అయిదో విడత సర్వే నాటికి దేశం మొత్తం మీద 30 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో ఈ పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవాళ్ళు 2 శాతం కూడా లేరు. జూమ్ తర్వాత కూడా లేరు.

ఇక శిబిరం వేళలు. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకాన్ని ప్రధాని మన్మోహన్ సింగ్ ఈ జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో మొదలుపెట్టారు. వేసవిలో ఆ పనికి పొద్దు పొడవకముందే పోతారు, ఎండెక్కాక వచ్చి పడిపోతారు. మీరు శిబిరాన్ని పది గంటలకి పెట్టండి. పని దగ్గరికే పోయి చూద్దామనే ఆశాకి, మిషన్‌కి దుమ్ము పడుతుందని చెప్పండి. సుగ్గి అయ్యాక, వేరుశనగ పంట పోయిన ఏడు అయితే సుగ్గికి ముందే, వయసులో ఉన్నవాళ్ళు బెంగుళూరుకో కేరళకో పోతారు. ఊళ్ళో మిగిలేది అవ్వలూ తాతలూ. ఆశా ఒకసారి, 104 బండి ఒకసారి, శిబిరం ఒకసారి, కొత్త యాప్ వచ్చినప్పుడు మళ్ళీ ఒకసారి అదే అవ్వ వేలికి గుచ్చుతారు. నలుగురు అవ్వలుగా లెక్కకొస్తుంది. నలభై ఏళ్ళ కొడుకు మాత్రం పక్షవాతం వచ్చిన రోజే తొలిసారి బీపీ చూపించుకుంటాడు. టార్గెట్‌కి దానితో సంబంధం లేదు.

కొందరు మీకు అడ్డుపుల్ల వేస్తారు. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురం వచ్చి మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు (ఆర్డీటీ)ని చూపిస్తారు. ఊరి ఆడవాళ్ళనే ఆరోగ్య కార్యకర్తలుగా తీసుకున్నారు, వాళ్ళ వెనక బత్తలపల్లిలోనూ కళ్యాణదుర్గంలోనూ ఆసుపత్రులు కట్టారు, వాళ్ళు పంపిన మనిషికి అక్కడ చూసే దిక్కుంది అంటారు. అది వేరే సంస్థ, మన గైడ్‌లైన్స్ వేరు అని తేల్చేయండి.

ఇంకా చదువుకున్నవాళ్ళు పశ్చిమ గోదావరి సంగతి ఎత్తుతారు. ఇది కొంచెం ఇబ్బందికరమైనది, సిద్ధంగా ఉండండి. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ వాళ్ళు అక్కడ 18 పీహెచ్‌సీల పరిధిలోని 54 ఊళ్ళలో ఆశాలకి ట్యాబ్‌లిచ్చి, గుండెజబ్బు ముప్పు ఎవరికుందో లెక్కకట్టడం నేర్పారు. నిజంగా నేర్పారు. ఆశాలు నేర్చుకున్నారు, ఇల్లిల్లూ తిరిగారు, ముప్పున్నవాళ్ళని పట్టుకున్నారు, మళ్ళీ మళ్ళీ పోయి కనుక్కున్నారు. 2019లో వచ్చిన ఫలితాల్లో, బీపీ అదుపులోకి వచ్చినవాళ్ళ శాతం మాత్రం ట్యాబ్ ఉన్న కాలానికీ లేని కాలానికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆశా చేతిలో బీపీ దిగదు. మాత్ర రాయాలి, ఆ మాత్ర నెలనెలా దొరకాలి, చాలకపోతే పెంచేవాళ్ళు ఉండాలి. ఇదంతా పైమెట్టు పని. అందుకే ఎవరైనా ఈ ఫలితం ఎత్తితే, దాన్నిబట్టి ఆశాలకి శిక్షణ ఇంకా చాలలేదని అర్థమవుతోందనండి. ఇంకో బ్యాచ్‌కి బడ్జెట్ వస్తుంది.

చివర్లో పరీక్ష పెట్టాలి. శిక్షణకి ముందు రాసే పేపరు, తర్వాత రాసే పేపరు, రెండూ ఒకేసారి పంచండి. మొదటిదాంట్లో నాలుగు తప్పులు చెయ్యమనండి. రెండోదాంట్లో అన్నీ ఒప్పులు. ప్రగతి స్పష్టంగా కనిపిస్తుంది. గ్రూప్ ఫొటోలో మిషన్ మధ్యలో ఉండాలి, దాని ప్లాస్టిక్ కవర్ తియ్యకూడదు.

సర్టిఫికెట్లు ఇచ్చే ముందు, వెనక వరసలోంచి ఒక ఏఎన్‌ఎం చెయ్యెత్తుతుంది. ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరుంటారు. "సార్, మా ఊళ్ళో అవ్వకి పోయిన నెల బీపీ నూట తొంభై వచ్చింది. పెద్దాసుపత్రికి పో అవ్వా అని చీటీ రాసిస్తి. పోయొచ్చింది. ఒక దినం కూలి పాయ, బస్సు డబ్బులు పాయ. ఆడ డాక్టరు సెలవంట. నిన్న మళ్ళీ కూచోబెట్టి చూస్తే రెండొందల పది. ఏం జేయాల పాపా అని నన్నడుగుతాంది. నేనేం చెప్పల్ల సార్?"

కంగారు పడొద్దు. చాలా మంచి ప్రశ్న అనండి. ఆ విషయం రేపటి సెషన్‌లో వస్తుందని చెప్పండి. శిక్షణ ఒక్క రోజే.